ఎస్‌ఓపీ రాస్తున్నా: ఈ కోలన్ (:), సెమికోలన్ (;) ఎక్కడ పెట్టాలో చెప్పండి

నల్లకుంట_నవ్య
అందరికీ నమస్తే. ఎమ్మెస్‌కి అమెరికా యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నా. ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) నేనే రాసుకుని ఒక కన్సల్టెన్సీలో చూపిస్తే, "కాస్త ప్రొఫెషనల్‌గా ఉండాలి" అని కామాలున్న సగం చోట్ల సెమికోలన్లు పెట్టి తిరిగిచ్చారు. డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు అది చదివి "ఏంటే ఇది, జావా ప్రోగ్రామా?" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. గ్రామర్ వీడియోలు చూస్తే "రెండు ఇండిపెండెంట్ క్లాజుల మధ్య పెట్టాలి" అంటారు. ఏది ఇండిపెండెంటో ఏది కాదో తెలిస్తే ఇక వీడియో ఎందుకు?

నాకు అనుమానం ఉన్న వాక్యాలు ఇవి. ఈ వేదికలో తెలుగు లిపే రాయాలి కాబట్టి ఇంగ్లీషునీ తెలుగు లిపిలోనే పెడుతున్నా, సర్దుకోండి.

"ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2023; అండ్ జాయిన్డ్ ఎ స్టార్టప్ ఇన్ మాదాపూర్."
"ఆల్‌దో ద టీమ్ వజ్ స్మాల్; వుయ్ హ్యాండిల్డ్ త్రీ క్లయింట్స్."
"మై స్కిల్స్ ఆర్: జావా, పైథాన్ అండ్ ఎస్‌క్యూఎల్."
"ద ప్రాజెక్ట్ ఫెయిల్డ్, హౌఎవర్ ఐ లర్న్‌డ్ ఎ లాట్."

మూడోదీ నాలుగోదీ నా సొంతం. మొదటి రెండూ వాళ్ల చేతి చలవ.

కూకట్‌పల్లి_కోడర్
జావాలో సెమికోలన్ లేకపోతే ఎర్రర్, ఇంగ్లీషులో ఉంటే ఎర్రర్. అంతే చెల్లీ. అన్నీ పీకేసి ఫుల్‌స్టాప్ పెట్టుకో, హాయిగా ఉంటుంది. పైథాన్ నేర్చుకున్నాక నా జీవితంలో సెమికోలన్ అవసరమే పడలేదు.

తార్నాక_టీచరమ్మ
కోడర్ బాబూ, పీకేయడం సులువే. కాకపోతే నాలుగు వాక్యాల్లో ఒక్కో దాంట్లో ఒక్కో సంగతి ఉంది, చూద్దాం.

నవ్యా, ఇండిపెండెంట్ క్లాజ్ అనే మాట పక్కన పెట్టు. పదో తరగతి తెలుగు పరీక్షలో సమాపక క్రియ, అసమాపక క్రియ రాసే ఉంటావు. వెళ్లాడు, తిన్నది, వస్తుంది అంటే మాట అక్కడికి పూర్తయినట్టు. వెళ్లి, తిని, వస్తే, వచ్చినా అంటే ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టు. సెమికోలన్‌కి ఎడమ పక్క ముక్కని, కుడి పక్క ముక్కని విడివిడిగా తెలుగులో అనుకో. రెండూ సమాపకంగా ముగిస్తే సెమికోలన్‌కి అర్హత ఉంది. ఏ ఒక్కటి వేలాడినా లేదు.

నీ రెండో వాక్యమే తీసుకో. "టీమ్ చిన్నదైనా..." అని ఎవరైనా ఫోన్ పెట్టేస్తే నువ్వు మళ్లీ ఫోన్ చేసి "అయినా? ఏమైంది?" అంటావు. ఎడమ పక్క వేలాడుతోంది కాబట్టి అక్కడ ఉండాల్సింది కామానే. మొదటి వాక్యంలో "అండ్ జాయిన్డ్ ఎ స్టార్టప్" అన్న ముక్కకి కర్తే లేదు, ఎవరు చేరారు? అక్కడైతే కామా కూడా అక్కర్లేదు, ఊరికే "అండ్" చాలు.

ఇక అర్హత ఉన్న వాక్యం ఇలా ఉంటుంది: "ద లాస్ట్ మెట్రో హ్యాడ్ లెఫ్ట్; వుయ్ టుక్ ఆన్ ఆటో." చివరి మెట్రో వెళ్లిపోయింది. ఆటో ఎక్కాం. రెండూ పూర్తి వాక్యాలు, మొదటి దానివల్లే రెండోది జరిగింది. ఫుల్‌స్టాప్ పెట్టినా తప్పు కాదు. కామా ఒక్కటే పెడితే తప్పు.

ఈ ఒంటి కామా తప్పు మనవాళ్లు ఎక్కువగా చేయడానికి కారణం ఉంది. "కోఠి వెళ్లి, పుస్తకాలు కొని, బస్సెక్కి ఇంటికొచ్చా" అంటాం. మూడు పనులు వేలాడుతుంటే చివరి క్రియ ఒక్కటే అన్నిటినీ పట్టుకుంటుంది, మధ్యలో కామాలు సరిపోతాయి. దాన్నే "ఐ వెంట్ టు కోఠి, ఐ బాట్ బుక్స్, ఐ కేమ్ హోమ్" అని రాస్తే ఇంగ్లీషులో అవి మూడు పూర్తి వాక్యాలు. అక్కడ కామాకి బలం చాలదు. చెవికి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, అదే చిక్కు.

మల్కాజిగిరి_99
మేడమ్, మీ టెస్టులో ఒక కన్నం ఉంది. "నేను ఆఫీసుకి రాలేదు, ఎందుకంటే వాన పడింది." ఇందులో "వాన పడింది" సమాపకమే కదా. అంటే "ఐ డిడ్ నాట్ కమ్; బికాజ్ ఇట్ రెయిన్డ్" కరెక్టేనా? మా టీమ్ లీడ్ రోజూ ఇలాగే మెయిల్ రాస్తాడు, ఆయన్ని పట్టుకుందామని అడుగుతున్నా.

తార్నాక_టీచరమ్మ
టీమ్ లీడ్‌ని పట్టుకోవచ్చు, అది తప్పే. "ఎందుకంటే" ఈ టెస్టుని మోసం చేసే మాట. దాన్ని తీసి అసలు తెలుగు పద్ధతిలో చెప్పండి: "వాన పడినందువల్ల ఆఫీసుకి రాలేదు." వేలాడే ముక్క బయటపడిందా? బికాజ్, ఇఫ్, వెన్, వైల్, ఆల్‌దో, అన్‌లెస్ లాంటివి ఏ ముక్క మొదట్లో తగిలితే ఆ ముక్క ఎంత పొడవున్నా సగం వాక్యమే. "హూ, విచ్, వేర్" తో మొదలై ముందున్న పేరుని వర్ణించే ముక్కలూ అంతే. తెలుగులో అవి "వచ్చిన మనిషి, కొన్న పుస్తకం, పనిచేసిన చోటు" అయిపోతాయి, క్రియే మిగలదు.

తిరగేస్తే ఇంకో కన్నం కూడా ఉంది, మీరు అడగకముందే చెప్తా. "మా నాన్న రైతు" అంటే తెలుగులో నిండు వాక్యం, క్రియ లేకపోయినా. "మై ఫాదర్ ఎ ఫార్మర్" అంటే ఇంగ్లీషులో కాదు. "ఈజ్" ఉండాలి. కాబట్టి తెలుగులో పూర్తయిందని తేలాక, ఇంగ్లీషు ముక్కలో కర్తా క్రియా రెండూ కనబడుతున్నాయా అని ఒకసారి కన్నేయండి.

నల్లకుంట_నవ్య
మేడమ్ ఇది బాగా ఎక్కింది, థ్యాంక్యూ. మరి నాలుగో వాక్యం? "ద ప్రాజెక్ట్ ఫెయిల్డ్" పూర్తి వాక్యం, "ఐ లర్న్‌డ్ ఎ లాట్" పూర్తి వాక్యం, మధ్యలో హౌఎవర్ కలుపుతోంది కదా? "బట్" అయితే కామా చాలు, హౌఎవర్ అయితే ఎందుకు చాలదు? అర్థం ఒకటేగా.

తార్నాక_టీచరమ్మ
అర్థం ఒకటే, హోదా వేరు. "బట్" ని దాని చోటు నుంచి కదిపి చూడు. "ఐ లర్న్‌డ్ బట్ ఎ లాట్" అంటే గందరగోళం. "బట్" రెండు వాక్యాల మధ్యే కూర్చోగలదు, ఎందుకంటే దాని పనే అతకడం. హౌఎవర్‌ని కదుపు: "ఐ, హౌఎవర్, లర్న్‌డ్ ఎ లాట్." "ఐ లర్న్‌డ్ ఎ లాట్, హౌఎవర్." ఎక్కడైనా సర్దుకుంటుంది. అలా తిరిగే మాట దేన్నీ అతకలేదు, అది రెండో వాక్యం లోపలి మనిషి. కాబట్టి దాని ముందు సెమికోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ, దాని వెనక కామా: "ద ప్రాజెక్ట్ ఫెయిల్డ్; హౌఎవర్, ఐ లర్న్‌డ్ ఎ లాట్."

దేర్‌ఫోర్, మోర్‌ఓవర్, కాన్సిక్వెంట్లీ, నెవర్‌దిలెస్ అన్నీ ఇదే జాతి. "దెన్" కూడా ఇందులోకే వస్తుంది, దాని వెనక మాత్రం కామా సాధారణంగా పెట్టరు.

మరో మాట. పక్కన హౌఎవర్ కనబడిందని గుడ్డిగా సెమికోలన్ పెట్టకు. "ఐ, హౌఎవర్, లర్న్‌డ్" లో దానికి రెండు వైపులా కామాలే, ఎందుకంటే ఎడమ పక్క ఒక్క "ఐ" ఉంది. ఎడమ పక్క ఏముందో చూడకుండా ఏ గుర్తూ పెట్టకు, నా పాఠం మొత్తం ఇంతే.

సబ్_రెఫ్_రెగ్
నమస్కారం. రెవెన్యూ శాఖలో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను సెమికోలన్ వాడిన జ్ఞాపకం లేదు గానీ కోలన్ లేకుండా ఒక్క కాగితం కదల్లేదు. ఉదాహరణకి:

"సబ్:- ఎస్టాబ్లిష్‌మెంట్ – మినిస్టీరియల్ సర్వీస్ – సీనియర్ అసిస్టెంట్ – ఎర్న్‌డ్ లీవ్ – 30 డేస్ – శాంక్షన్డ్ – ఆర్డర్స్ – ఇష్యూడ్."

పిల్లలు ఇది చూసి నవ్వుతారు. కానీ ఇందులో ఒక లెక్క ఉంది. పెద్ద విభాగం నుంచి చిన్న విషయానికి ఒక్కో మెట్టు దిగుతూ వస్తుంది, చివర ఏం జరిగిందో ఉంటుంది. రికార్డు రూములో అటెండర్ మొదటి రెండు ముక్కలు చూసి బీరువా దగ్గరికి వెళ్తాడు, చివరి రెండు ముక్కలు చూసి కాగితం ఏదో పోల్చుకుంటాడు. వాక్యం రాస్తే వెతకడానికి పనికిరాదు.

నా ప్రశ్న: కోలన్ పక్కన ఆ డ్యాష్ తప్పా? మాకు పైవాళ్లు అలాగే నేర్పారు.

కూకట్‌పల్లి_కోడర్
సార్, అది ఫోల్డర్ పాత్. ఎస్టాబ్లిష్‌మెంట్ స్లాష్ మినిస్టీరియల్ స్లాష్ లీవ్. మీరు కంప్యూటర్లు రాకముందే కనిపెట్టారు, దండం.

తార్నాక_టీచరమ్మ
సార్, కోలన్-డ్యాష్ జంట మీ ఆఫీసు తప్పు కాదు. పాత బ్రిటిష్ పుస్తకాల్లో, ఉత్తరాల్లో జాబితా ముందు అలాగే వేసేవారు. అక్కడ అది వాడుకలోంచి పోయింది, మన ఆఫీసుల్లో, స్కూలు నోటుబుక్కుల్లో నిలిచిపోయింది. "ఆన్సర్:-" అని రాయని పిల్లాడు హైదరాబాద్‌లో ఉండడు. ఆఫీసు కాగితంలో ఉండనివ్వండి. నవ్య ఎస్‌ఓపీలో మాత్రం వద్దు, అక్కడి వాళ్లకి అది స్మైలీలా కనిపిస్తుంది.

ఎలాగూ కోలన్ దగ్గరికి వచ్చాం కాబట్టి నవ్య మూడో వాక్యం చూద్దాం. సెమికోలన్‌కి రెండు పక్కలా పూర్తి వాక్యాలు కావాలి. కోలన్‌కి ఎడమ పక్క ఒక్కటీ పూర్తయితే చాలు. కుడి పక్క జాబితా రావచ్చు, మరో వాక్యం రావచ్చు, ఒక్క మాట కూడా రావచ్చు. "ఓన్లీ వన్ థింగ్ వజ్ మిస్సింగ్: సాల్ట్." ఎడమ పక్క "ఒక్కటే తక్కువైంది" అని పూర్తిగా చెప్పింది, ఏమిటా ఒక్కటి అని మనలో ఆశ పుట్టించింది, కుడి పక్క తీర్చింది. ఎడమ పక్క ఆశ పుట్టించకపోతే కోలన్‌కి అక్కడ పని లేదు.

"మై స్కిల్స్ ఆర్" దగ్గర ఆగితే వాక్యం కాలేదు. "ఆర్" తర్వాత రావాల్సిన మాట ముందు గోడ కట్టినట్టే. రెండు రకాలుగా దిద్దుకోవచ్చు. కోలన్ తీసేయి: "మై స్కిల్స్ ఆర్ జావా, పైథాన్ అండ్ ఎస్‌క్యూఎల్." లేదా ఎడమ పక్క నింపు: "ఐ వర్క్ ఇన్ త్రీ లాంగ్వేజెస్: జావా, పైథాన్ అండ్ ఎస్‌క్యూఎల్." "సచ్ యాజ్", "ఇంక్లూడింగ్" తర్వాత కోలన్ పెట్టేవాళ్లు కోకొల్లలు, అదీ ఇదే తప్పు.

మల్కాజిగిరి_99
మరి రెజ్యూమెలో "స్కిల్స్: జావా, పైథాన్" అని రాస్తాం కదా. ఎడమ పక్క ఒక్క మాటే ఉంది.

తార్నాక_టీచరమ్మ
అది వాక్యం కాదు, లేబుల్. డబ్బా మీద "కందిపప్పు" అని చీటీ అంటించినట్టు. చీటీకి వ్యాకరణం అడగరు. "డేట్:", "ప్లేస్:", సార్ గారి "సబ్:" అన్నీ ఆ కోవలోవే.

సిటీ_సివిల్_లాయర్
టీచరమ్మ గారూ, మీ కోలన్ నియమాన్ని ఈ దేశంలో అందరికంటే ముందు ఉల్లంఘించింది ఎవరో తెలుసా? రాజ్యాంగ పీఠిక.

స్కూలు సోషల్ పుస్తకం తెరిచి ఇంగ్లీషు పీఠిక చూడండి. "టు సెక్యూర్ టు ఆల్ ఇట్స్ సిటిజన్స్" అని, పక్కన కోలన్. పౌరులందరికీ సమకూర్చడానికి... ఏం సమకూర్చడానికి? ఎడమ పక్క వేలాడుతోంది. ఆ తర్వాత వస్తాయి జస్టిస్, లిబర్టీ, ఈక్వాలిటీ. మీ లెక్కన ఎర్ర ఇంకు పడాలి.

తార్నాక_టీచరమ్మ
లాయర్ గారూ, పీఠిక మీద ఎర్ర ఇంకు నేను పెట్టను, మీరే కేసు వేస్తారు. చట్టం రాసే పద్ధతి వేరు. అక్కడ ఒకే వాక్యాన్ని ముక్కలుగా విరిచి ఒకదాని కింద ఒకటి పేరుస్తారు, ఆ పేర్పు మొదలయ్యే చోట గుర్తు కావాలి. మామూలు వ్యాసంలో, ఒకే వరుసలో సాగే వాక్యంలో ఆ అవసరం లేదు. నవ్య రాసేది వ్యాసం.

అయితే మీరు పీఠిక ఎత్తారు కాబట్టి మిమ్మల్నే అడుగుతా, అందులో సెమికోలన్ల సంగతి కూడా మీరే చెప్పండి. దానికంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

సిటీ_సివిల్_లాయర్
సంతోషంగా. వరసగా చదవండి: "జస్టిస్, సోషల్, ఎకనమిక్ అండ్ పొలిటికల్; లిబర్టీ ఆఫ్ థాట్, ఎక్స్‌ప్రెషన్, బిలీఫ్, ఫెయిత్ అండ్ వర్షిప్; ఈక్వాలిటీ ఆఫ్ స్టేటస్ అండ్ ఆఫ్ ఆపర్చునిటీ; అండ్ టు ప్రమోట్ అమాంగ్ దెమ్ ఆల్ ఫ్రెటర్నిటీ..."

జస్టిస్ అనే ఒక్క అంశం లోపలే కామా ఉంది, లిబర్టీ లోపల ఇంకా ఎక్కువ ఉన్నాయి. అంశానికీ అంశానికీ మధ్య కూడా కామానే పెట్టి ఉంటే, లిబర్టీ ఎక్కడ మొదలైందో, జస్టిస్ ఎక్కడ ముగిసిందో వెతుక్కోవాలి. లోపలి గీతలు కామాలు, బయటి గీతలు సెమికోలన్లు. ఇక్కడ ఏ ముక్కా పూర్తి వాక్యం కాదు, గమనించండి. సెమికోలన్‌కి ఇది రెండో ఉద్యోగం, మొదటి దాని షరతు దీనికి వర్తించదు.

అధికరణం 19, ఒకటో క్లాజు కూడా అంతే. వాక్‌స్వాతంత్ర్యం, సెమికోలన్, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావడం, సెమికోలన్, ఇలా సాగుతుంది. చివరి అంశం ముందు "అండ్" ఉందా "ఆర్" ఉందా అన్నది మేం ముందు చూసేది. "అండ్" అయితే అన్నీ, "ఆర్" అయితే ఏదో ఒకటి. అన్నట్టు, అందులో "ఇ" తర్వాత "జి" మిగిలింది, మధ్యలో ఆస్తి హక్కు ఉండే "ఎఫ్" ని 1978లో 44వ సవరణతో తీసేశారు.

సెమికోలన్ చిన్న విషయం అనుకునేవాళ్లకి ఒక కథ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మద్యం చట్టం ఒకటి ఉండేది. రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా అమ్మకూడదు, ఆదివారం అమ్మకూడదు, హోటల్‌లో దిగిన అతిథులకైతే ఇవ్వొచ్చు అని దాని సారాంశం. రాత్రి వేళల ముక్కకీ ఆదివారం ముక్కకీ మధ్య మొదట కామా ఉండేది, తర్వాతి ప్రతిలో అది సెమికోలన్ అయింది. 1900లో కోర్టు ఏమందంటే, సెమికోలన్ ఉంది కాబట్టి హోటల్ మినహాయింపు ఆదివారానికే, రాత్రికి కాదు అని. బోస్టన్ హోటళ్లలో 11 కొట్టగానే బార్లు మూతపడ్డాయి. అందరూ దాన్ని సెమికోలన్ చట్టం అనే పిలిచేవారు. 1906లో మార్చేదాకా అదే గోల.

కూకట్‌పల్లి_కోడర్
11 గంటలకి బార్ మూసేస్తే బోస్టన్‌లో అంత గొడవా 😀

చిక్కడపల్లి_ప్రూఫ్
నాది కొంచెం పక్కదారి, మోడరేటర్ గారు క్షమించాలి. తెలుగు పుస్తకాలకి డీటీపీ, ప్రూఫ్ రీడింగ్ చేస్తాను. ఇంగ్లీషులో కోలన్ ఎక్కడ పెట్టాలి అని మీరు తల పట్టుకుంటున్నారు, తెలుగులో పెట్టకూడని చోట పెట్టిన కోలన్లు తీయడమే నా పని.

"దు:ఖం", "అంత:కరణ", "పున:ప్రారంభం". ఇవి మళ్లీ చూడండి. విసర్గ ఉండాల్సిన చోట కోలన్ ఉంది. కంటికి తేడా తెలియదు. కీబోర్డులో విసర్గ ఎక్కడుందో దొరక్క కోలన్ కొట్టేస్తారు. కంప్యూటర్‌కి మాత్రం విసర్గ తెలుగు అక్షరం, కోలన్ విరామ చిహ్నం. ఫైల్‌లో "దుఃఖం" అని వెతికితే ఆ పేజీ రాదు. లైను చివర పడితే "దు:" పైనా "ఖం" కిందా విరిగిపోయే ప్రమాదమూ ఉంది. ఒక శతకానికి ప్రూఫ్ చూస్తే ప్రతి పేజీలో ఇదే. మొత్తం పుస్తకంలో ఒకేసారి మార్చేద్దామంటే "ఉదా:", "తేదీ:" లో ఉండాల్సిన కోలన్లు కూడా విసర్గలైపోతాయి. అందుకని ఒక్కొక్కటే చూసి మార్చాలి.

ఇంకోటి, ఖాళీ. కోలన్‌కీ సెమికోలన్‌కీ ముందు ఖాళీ వదలకూడదు, వెనక ఒకటి వదలాలి. మనవాళ్లు ముందు కూడా వదులుతారు. అప్పుడు లైను నిండితే కోలన్ ఒంటరిగా కింది లైను మొదట్లో పడుతుంది, చూడటానికి పురుగు పాకినట్టు ఉంటుంది. ఫ్రెంచివాళ్లు ముందు ఖాళీ వదులుతారు, వాళ్ల పద్ధతి వాళ్లది.

ఈ సెమికోలన్ పుట్టిందే అచ్చు వాళ్ల చేతుల్లో. 1490ల్లో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ అనే ఆయన ప్రెస్సులో. మా వృత్తివాళ్లు చేసిన పని కాబట్టి గొప్ప చెప్పుకుంటున్నా.

పత్తర్‌గట్టి_చాయ్
మా గల్లీలో బోర్డులు చూస్తే సెమికోలన్ తలకిందులుగా ఉంటది. ఉర్దూలో కుడి నుంచి ఎడమకి రాస్తరు కదా, కామా గుర్తూ సెమికోలన్ గుర్తూ తిప్పి ఉంటయి. ఫుల్‌స్టాప్ చుక్క కాదు, చిన్న గీత. గ్రీకు భాషలో అయితే మన సెమికోలన్ ఆకారమే ప్రశ్నార్థకం. కోడర్ భాయ్, ఆ గ్రీకు గుర్తు నీ జావా కోడ్‌ల పెట్టి చూడు, కంపైలర్ ఏడుస్తది. కంటికి రెండూ ఒక్కటే.

కూకట్‌పల్లి_కోడర్
అన్నా, ఆ ఐడియా ఎవరికీ ఇవ్వకు. రాత్రంతా కూర్చోబెట్టే బగ్ అది.

మోడరేటర్
నవ్వులు చాలు. నవ్య గారి ఎస్‌ఓపీకి పనికొచ్చేవి ఇంకేమైనా ఉంటే చెప్పండి.

ఐఈఎల్‌టీఎస్_అన్న
అమీర్‌పేట్‌లో ఐఈఎల్‌టీఎస్ (విదేశీ చదువులకి రాసే ఇంగ్లీషు పరీక్ష) రైటింగ్ చెప్తాను. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: "సార్, సెమికోలన్ పెడితే బ్యాండ్ పెరుగుతుందా?" పెరగదు. రైటింగ్‌లో నాలుగు కొలమానాలు, అందులో గ్రామర్ ఒకటి, విరామ చిహ్నాలు దాని కిందికి వస్తాయి. అక్కడ చూసేది పట్టు ఉందా లేదా అని. ఫలానా గుర్తు వాడితే ఇన్ని మార్కులు అని ఎక్కడా లేదు. రెండో టాస్కు 250 పదాలు, అందులో ఆరు సెమికోలన్లు కనబడితే నేనైతే ఆరూ అనుమానంగా చూస్తా. ఒకటో రెండో, ఖాయంగా తెలిసినచోట పెట్టమంటా. మిగతావి కోడర్ చెప్పినట్టు ఫుల్‌స్టాప్.

తార్నాక_టీచరమ్మ
పరీక్ష హాలు వరకూ ఒప్పుకుంటాను. ఎస్‌ఓపీ అలా కాదు, తీరిగ్గా పదిసార్లు దిద్దుకునే కాగితం. అన్నీ ఫుల్‌స్టాపులైతే టెలిగ్రామ్ చదివినట్టు ఉంటుంది. "ఐ జాయిన్డ్ ఎ స్టార్టప్. ద టీమ్ వజ్ స్మాల్. ఐ లర్న్‌డ్ టెస్టింగ్." ఏది కారణమో ఏది ఫలితమో చదివేవాడే ఊహించుకోవాలి. సెమికోలన్ ఆ చుట్టరికాన్ని చూపిస్తుంది: "ద టీమ్ వజ్ స్మాల్; ఎవ్రీవన్ టెస్టెడ్ దెయిర్ ఓన్ కోడ్." టీమ్ చిన్నది కాబట్టే అని "బికాజ్" లేకుండానే తెలిసింది. అలాంటి చోటు పేజీకి ఒకటి దొరికినా వదులుకోకూడదంటాను.

ఐఈఎల్‌టీఎస్_అన్న
మేడమ్, ఆ చుట్టరికం చూపించడానికి "సో" అనే రెండక్షరాల మాట ఉంది. కామా పెట్టి "సో" అంటే అయిపోయే పనికి సెమికోలన్ ఎందుకు? మీ వాక్యం అందంగా ఉంది, కాదనను. నా దగ్గరికి వచ్చే పిల్లలకి ముందు తప్పు లేకపోవడం కావాలి, అందం తర్వాత.

తార్నాక_టీచరమ్మ
సరే, ఇది అభిరుచి దాకా వచ్చింది. నవ్య తేల్చుకుంటుంది.

నల్లకుంట_నవ్య
రెండూ కొంచెం కొంచెం తీసుకున్నా. మార్చిన పేరా ఇది:

"ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2023 అండ్ జాయిన్డ్ ఎ స్టార్టప్ ఇన్ మాదాపూర్. ద టీమ్ వజ్ స్మాల్. ఎవ్రీవన్ టెస్టెడ్ దెయిర్ ఓన్ కోడ్. వుయ్ సర్వ్‌డ్ క్లయింట్స్ ఇన్ త్రీ సిటీస్: హైదరాబాద్, తెలంగాణ; పుణె, మహారాష్ట్ర; అండ్ చెన్నై, తమిళనాడు. అవర్ ఫస్ట్ ప్రొడక్ట్ ఫెయిల్డ్ ఫర్ వన్ రీజన్: వుయ్ హ్యాడ్ నాట్ ఆస్క్‌డ్ ద యూజర్స్."

రెండు అనుమానాలు మిగిలాయి. చివరి కోలన్ తర్వాత "వుయ్" కి పెద్ద అక్షరమా చిన్న అక్షరమా? ఇంకోటి, మా ప్రొఫెసర్ మాట ఒకటి కోట్ చేస్తున్నా, కోట్ ముగిసిన చోటే సెమికోలన్ కావాలి. లోపలా బయటా? అలాగే, ఇంత సెమికోలన్ చూస్తే ఏఐ రాసిందనుకుంటారేమో అని ఇంట్లో భయపెడుతున్నారు.

తార్నాక_టీచరమ్మ
పేరా బాగుంది. ఊళ్ల జాబితాలో సెమికోలన్లు అచ్చం పీఠిక పద్ధతే, లాయర్ గారు సంతోషిస్తారు.

పెద్ద అక్షరం సంగతి: కుడి పక్క పూర్తి వాక్యం వస్తే, అమెరికాలో ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి పెద్ద అక్షరం పెట్టమంటుంది. బ్రిటిష్ పద్ధతిలో సాధారణంగా చిన్నదే. నువ్వు పంపేది అమెరికాకి, పెద్దది పెట్టు, కానీ మొత్తం కాగితంలో అలాగే ఉంచు. ఒకచోట పెద్దది, ఒకచోట చిన్నది ఉంటేనే కంట్లో పడుతుంది. ఊళ్ల పేర్లలాంటివి ఎలాగూ పెద్ద అక్షరాలే. జాబితాలో మామూలు మాటలైతే చిన్నవే.

ఏఐ భయం వదిలేయి. నీ పేరాలో మాదాపూర్ ఉంది, యూజర్లని అడగలేదన్న సంగతి ఉంది. చదివేవాళ్లు ముందు చూసేది అవి.

సిటీ_సివిల్_లాయర్
కోట్ సంగతి నేను చెప్తా, రోజూ జడ్జిమెంట్లతోనే పని కాబట్టి. అమెరికాలో కామా, ఫుల్‌స్టాప్ కోట్ లోపల పెడతారు. కోలన్, సెమికోలన్ మాత్రం అమెరికాలోనైనా బ్రిటన్‌లోనైనా కోట్ బయటే. కాబట్టి ముందు కోట్ మూసేయండి, తర్వాత సెమికోలన్. ప్రొఫెసర్ గారి వాక్యం చివర ఫుల్‌స్టాప్ ఉంటే దాన్ని తీసేయండి, రెండూ పక్కపక్కన పెట్టొద్దు.

మల్కాజిగిరి_99
ఒక్క ప్రశ్న, వెళ్లేముందు. మెయిల్ మొదట్లో "డియర్ ప్రొఫెసర్" తర్వాత కామానా కోలనా? అమెరికా వాళ్లు కోలన్ పెడతారని ఎక్కడో చూశా.

తార్నాక_టీచరమ్మ
అక్కడ బిజినెస్ ఉత్తరాల్లో కోలన్, చనువున్న ఉత్తరాల్లో కామా. బ్రిటన్‌లోనూ మన దగ్గరా కామానే. పరిచయం లేని ప్రొఫెసర్‌కి మొదటిసారి రాస్తుంటే కోలన్ పెట్టినా కామా పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టకండి చాలు, అది మన ఉపఖండం దాటితే పెద్దగా కనబడదు.